బంగళా పొగగొట్టం మీద కాకులు

హలో… ఆ, నేనే, టార్కిల్‌నే. చెప్పండి పాస్టర్ గారూ!

అబ్బే, పనేం లేదు. రేవులోనే ఉన్నా. మా ముర్డో బాబాయి వలలు బాగుచేస్తున్నాడు. నేను పక్కన నిలబడి ధైర్యం చెప్తున్నా…

పొగగొట్టమా?

శుభ్రం చేశానా లేదా అనా అడుగుతున్నారు? అయ్యో, పాస్టర్ గారూ! స్కాట్లండ్ మొత్తంలో అంత శుభ్రమైన పొగగొట్టం రాజుగారి కోటలో కూడా ఉండదు. స్వయంగా నేనే ఎక్కా. బ్రష్షు పెట్టి పైనుంచి కిందిదాకా తోమా. ఎన్ని కాకిగూళ్ళు తీశాననుకున్నారు? పదిహేడు! ఒకదాంట్లో పాత పాస్టర్ గారి కట్టుడుపళ్ళు దొరికాయి. పై వరస మాత్రమే. కింది వరస కోసం ఇంకా వెతుకుతున్నాం…

నవ్వండి, నవ్వండి.

… నవ్వితే తల పగిలిపోతోందా?

ఎప్పట్నుంచి? … వచ్చిన దగ్గర్నుంచీనా! వారమవుతోంది కదా— మరి ఎవరికీ చెప్పలేదేం?

ఆ… అవున్లెండి. గురువారం మీ అభిషేకం. ప్రెస్బిటరీ పెద్దలంతా, అదే మన చర్చిల పై సభవాళ్ళంతా దిగుతారు. కొత్తావిడ రాగానే ఇంటి మీద వంకలు పెడుతోందంటారని… అర్థమైంది. జీతంలో సగం ఆ ఇల్లే కదా. 'ఇల్లు బాలేదు' అంటే 'జీతం చాలట్లేదు' అన్నట్టే వినపడుతుంది మావాళ్ళకి.

పాత పాస్టర్ గారా? ఒక్క మాట అన్లేదు. వంటింట్లో వాన పడుతుంటే గొడుగేసుకుని టీ కాచుకునేవాడు, పాపం.

తనిఖీకి ఎందుకెళ్ళరు? ఏటా వెళ్తారు! సంఘ పెద్దలంతా ముందు గదిలో కూచుంటారు. టీ, వెన్న బిస్కెట్లు. మా బాబాయి తల పైకెత్తి 'కప్పు పైనే ఉంది' అంటాడు. మిగతావాళ్ళూ తలలెత్తి 'ఆ, పైనే ఉంది' అంటారు. 'ఏమైనా ఇబ్బందా పాస్టర్ గారూ?' 'ఏమీ లేదండీ.' అయిపోయింది తనిఖీ. ప్రార్థన చేసుకుని ఎవరింటికి వాళ్ళు.

అబ్బెబ్బే, ఈసారి అలా కాదు. రెండేళ్ళు పాస్టరే లేక ఖాళీగా పడుందని మొత్తం నాకు అప్పజెప్పారు. నేను చూశానంటే చూసినట్టే.

సరే, వాసనేమైనా వస్తోందా? … రావట్లేదు. గదిలో పొగ? … అదీ లేదు. మరింకేం! నేను తెచ్చిచ్చిన బొగ్గు అలాంటిది మరి. పొగరాని బొగ్గు. మహా మర్యాదస్తురాలు.

నిద్రా? … పగలంతానా?

అది ఆ ఇంటి మహిమ, పాస్టర్ గారూ. నూటయాభై ఏళ్ళ ప్రసంగాలు గోడల్లోకి ఇంకిపోయాయి. ఊరికే కూచుంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి. నిద్రపట్టని ముసలాళ్ళని తీసుకెళ్ళి ఆ గోడకి ఆనించి తెచ్చుకునేవాళ్ళు మా ఊళ్ళో.

… పాప కూడానా?

పొద్దున జావ తాగి పడుకుందా? ఇంకా లేవలేదా? ఊనాయేనా? మొన్న రేవంతా పరుగెత్తి నా టోపీ తీసి సముద్రంలో పారేసిన పిల్లేనా?

ఊఁ… ప్రయాణం బడలిక అయ్యుంటుంది.

అంటే వారం కింద చేసిన ప్రయాణమేలెండి. పిల్లలకి మెల్లిగా తెలుస్తుంది బడలిక.

మీ ఆయన ఎప్పుడొస్తున్నారు? … సామాను లారీతో సోమవారమా. అప్పటిదాకా మీరిద్దరేనా.

ఒక్క గదిలోనా? పదకొండు గదులున్న బంగళాలో? … ఆ, నిజమే. అన్నీ వెచ్చబెట్టాలంటే ఆ బొగ్గు ఖర్చుకి మీ జీతం ఎక్కడ ఆనుతుంది! మంచి పని చేశారు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కమన్నాను, కుక్కారా?

తలుపు కింద కూడానా? శభాష్. మా ఉత్తరపు గాలికి వేలెడు సందు చాలు, లోపలికొచ్చి మంచమెక్కి కూచుంటుంది.

ఏంటీ? … లేదు, వింటున్నా. మీ మాటే కాస్త ముద్దముద్దగా వస్తోంది.

ఊళ్ళో చిన్న ఇల్లా? … మాకేం అభ్యంతరం? కానీ కుదరదటగా. పాస్టరంటే బంగళాలోనే ఉండాలని మీవాళ్ళ రూలే కదా. ఆరేళ్ళ చదువు, ఆ పైన శిక్షణని ఇంకో పాస్టర్ గారి వెనకాల ఏడాది తిరిగారు. హీబ్రూ నేర్పారు. సమాధి చెయ్యడం నేర్పారు. ఇలాంటి ఇంట్లో పొయ్యి సంగతి ఒక్క ముక్కైనా చెప్పారా? … చూశారా! చావు గురించి చెప్తారుగానీ చలి గురించి చెప్పరు.

ఎవరు లేవట్లేదు? … పిల్లి కూడానా?

ఎక్కడ పడుకుంది? … పొయ్యి ముందు. పిల్లి కదండీ, అదే దాని ఉద్యోగం.

పిలిచినా కదల్లేదా.

కాలితో తట్టినా…

ఊఁ.

ఆగండాగండి. బాబాయి దుర్భిణి ఇక్కడే ఉంది. గుట్ట మీద మీ బంగళా చక్కగా కనిపిస్తుంది. నేనే తనిఖీ చేస్తా, ఉండండి. టీ అక్కర్లేదు.

ఆ… చూస్తున్నా. కప్పు పైనే ఉంది. మీ గది కిటికీ బిగించే ఉంది. పొగగొట్టం నిటారుగా, మా బాబాయి ముక్కులా— ఓహో! మీకు చుట్టాలొచ్చారు పాస్టర్ గారూ! మూడు కాకులు. గొట్టం నోటి మీదే తిష్ఠవేశాయి. అచ్చం సంఘ పెద్దల్లాగే. ఒకటి కునుకు తీస్తోంది. ఇంకోటి పుల్ల పట్టుకొచ్చి లోపలికి…

…

పాస్టర్ గారూ, మీరుండేది ఈ గొట్టం కిందున్న తూర్పు గదిలోనే కదా?

పొయ్యి ఇప్పుడు వెలుగుతోందా?

… పొద్దుట్నుంచా. ఎర్రగా, బాగా.

మరి కాకులెలా కూచున్నాయి?

లేదు, నవ్వట్లేదు. పాస్టర్ గారూ, కింద నిప్పుంటే పైన కాకి కూచోదు. ఆ వేడికి దాని కాళ్ళు కాలిపోవూ? హాయిగా కునుకు తీస్తోందంటే దాని కాళ్ళ కింద చల్లగా ఉంది. పొయ్యిలోంచి గాలి పైకి రావట్లేదు. గొట్టం మూసుకుపోయింది. ఆ బొగ్గు విషగాలంతా మీ గదిలోనే ఉంది.

లేవండి. ముందు లేవండి. బయటికి నడవండి.

… జోకు కాదు!

తెలుసు. మొన్న ఊరి ఆచారమని చెప్పి, రేవులోకొచ్చే ముసలి సీల్ జంతువుకి మీ చేత దణ్ణం పెట్టించింది నేనే. అది ఆచారమూ కాదు, గీచారమూ కాదు. ఊరంతా కిటికీల్లోంచి చూసి నవ్వారు. కానీ ఇది అది కాదు. వాసన రాదు ఆ గాలికి, పొగా రాదు. తలనొప్పి, నిద్ర, అంతే. ఆ తర్వాత ఇంకేం ఉండదు.

ఏం గూళ్ళు? … పదిహేడు తీశానన్నాను. ఆ. అన్నాను.

ఒక్కటి కూడా తియ్యలేదు.

ఎక్కలేదు నేను! అసలు కప్పు మీదికే ఎక్కలేదు. గాలి కొడుతోందని నిచ్చెన గోడకి చేరేసి, వ్యానులో కూచుని మటన్ రొట్టె తిని వచ్చేశా. అయిపోయిందని బాబాయితో చెప్పేశా. పళ్ళు కూడా అబద్ధమే. ఏ వరసా దొరకలేదు. ఇప్పుడైనా నమ్ముతారా? లేవండమ్మా, దణ్ణం పెడతా!

హలో?

పాస్టర్ గారూ… ఎల్స్‌పెత్ గారూ!

'కాసేపాగి' కాదు! కాసేపు లేదు మీకు!

బాబాయ్! బాబాయ్, ఆ వల అవతల పారెయ్! వ్యాను తియ్యి! … తర్వాత తిడుదువుగాని! అంబులెన్సుకి చెప్పు నీ ఫోన్లోంచి. బంగళాకి రమ్మను, పాస్టర్ గారికీ పాపకీ బొగ్గు గాలి పట్టిందని చెప్పు! … అవును, ఆ గొట్టమే! … అవును, అబద్ధం చెప్పా! బండి తియ్యి ముందు!

ఆ, పాస్టర్ గారూ, ఉన్నారా? మాట్లాడుతూనే ఉండండి. ఏదో ఒకటి, తిట్టినా సరే.

కాళ్ళు రావట్లేదా? … పాకండి. పాప ఎక్కడుంది? … ఎత్తక్కర్లేదు, ఎత్తలేరు. దుప్పటి కొస పట్టుకుని ఈడ్చండి. నేల మీదే. తల తగిలితే తగలనివ్వండి, ఏం కాదు.

తలుపు రావట్లేదా? కింద కుక్కిన గుడ్డలు అడ్డం. అవి లాగండి ముందు. నేనే కుక్కమన్నా, నేనే చెప్తున్నా, పీకి పారెయ్యండి!

… వద్దు. పిల్లి కోసం వెనక్కెళ్ళకండి.

వద్దు పాస్టర్ గారూ. దానికి… దానికి ఇంక తొందర లేదు. మీరు రండి.

వచ్చేస్తున్నాం. చేపల కొట్టు మలుపు తిరిగాం. బాబాయి ఎప్పుడూ ఇంత జోరుగా తోలలేదు… వినపడుతోందా మీకు బండి? … ఎక్కడిదాకా వచ్చారు? ముందు నడవలోకా? … ఇంకొక్క తలుపు. గడియ పైన ఉంటుంది, బిగుసుకుపోతుంది అది. భుజంతో తొయ్యండి. … మళ్ళీ తొయ్యండి.

హలో?

హలో, ఎల్స్‌పెత్ గారూ?

…

ఆ శబ్దం గాలేనా? బయటి గాలేనా? … వచ్చేశారా! హమ్మయ్య— బాబాయ్, బయటికొచ్చేశారు!

ఇంకా దూరం రండి. ఇంటికి దూరంగా, గడ్డి మీదికి. … పాప?

కళ్ళు తెరవట్లేదా.

పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గాలికెదురుగా పెట్టండి ముఖం. … ఊపిరి ఉందా? చెయ్యి పెట్టి చూడండి. … ఉంది కదా. ఉంది. వీపు మీద రుద్దండి. పేరు పెట్టి పిలవండి. గట్టిగా… ఇంకా గట్టిగా…

… నాకేం వినపడట్లేదు.

… ఇంకా లేదా?

ఊనా! ఒసేయ్ ఊనా! నా టోపీ ఎక్కడ పారేశావే! ఫోన్ దాని చెవి దగ్గర పెట్టండి. ఊనా! నా టోపీ తెచ్చియ్యి! దొంగపిల్లా!

…

…

ఏంటది?

ఏడుపా? … ఏడుపేనా అది? … కక్కుకుందా? కక్కనివ్వండి. ఏడవనివ్వండి. ఊరుకోబెట్టకండి, బాగా ఏడవనివ్వండి… బాబాయ్, విన్నావా? నువ్వు రోడ్డు చూడు, నువ్వు కూడా ఏడిస్తే బండి ఎవరు తోలతారు!

ఆ, అంబులెన్సు బయల్దేరింది. టౌన్నుంచి రావాలి, కాస్త పడుతుంది. ఇద్దరూ అలాగే బయటే ఉండండి. కోటు తెస్తున్నాం. … లోపలికెళ్ళి తెచ్చుకోకండి! చలేస్తే వెయ్యనీ.

ఏంటి? … అలారమా?

… గోడ మీది తెల్ల డబ్బా. ఆ. అలాంటి గాలికే పెడతారు దాన్ని. … ఎందుకు మోగలేదో…

పాతదయ్యుంటుందండీ. తేమ ఎక్కువ కదా ఆ ఇంట్లో. ఒక్కోసారి అవి…

ఒక్క నిమిషం. మా బాబాయి ఏదో అంటున్నాడు. … ఏంటి బాబాయ్? … పాతది కాదు? … మొన్న చలికాలంలో నువ్వే కొని బిగించావా. బ్యాటరీలు వేసి, నొక్కి చూసి… మోగిందా.

… తెలీదు బాబాయ్. నన్నెందుకలా చూస్తావు, రోడ్డు చూడు.

లేదు పాస్టర్ గారూ, ఫోన్ పెట్టెయ్యలేదు. ఉన్నా.

ఇక్కడే ఉన్నా.

గేటు దగ్గరికొచ్చేశాం. కనిపిస్తున్నారు మీరు. పాప మీ ఒళ్ళో ఉంది. కాళ్ళు ఆడిస్తోంది. … బాబాయ్, ఆపు.

మీరడిగారు కదా, చెప్తా. దగ్గరికొచ్చి చెప్పలేను, ఇక్కణ్ణించే చెప్తా. ఆ వేళ రేడియోలో ఫుట్‌బాల్ మ్యాచి వస్తోంది. వ్యానులో కూచుని వింటుంటే నా రేడియో ఆగిపోయింది. లోపలికెళ్ళి ఆ డబ్బాలో బ్యాటరీలు తీసుకున్నా. డబ్బాని మళ్ళీ గోడకి తగిలించేశా. అలాగే తగిలించా, ఎవరికీ తెలీకుండా. మ్యాచి అయ్యాక పెట్టేద్దామనే అనుకున్నా. ఒక్క గోలు కూడా పడలేదు. రేడియో కట్టేసి ఇంటికెళ్ళిపోయా.

నేనే, పాస్టర్ గారూ. గొట్టమూ నేనే, గుడ్డలూ నేనే, అదీ నేనే.

… వింటున్నారా?

పాస్టర్ గారూ?

… బాబాయ్. ఆవిడ ఫోన్ కిందికి దించేసి ఇటే చూస్తోంది.