వయసు గడికి హద్దు తీసేసిన ఉమాకాంతం గారు

1991వ సంవత్సరం ఆగస్టు ఐదో తేదీన జగ్గయ్యపేటలోని మన కంటి ఆసుపత్రిలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ ఉమాకాంతం గారు, 2008 జులై నెలాఖరున కంప్యూటర్ విభాగం అధికారిగా పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో, ఇక్కడా, మన నందిగామ శాఖలోనూ ఆయన పక్క బల్ల వద్ద పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం లభించింది. భాగ్యమని మర్యాదకు అనడం లేదు. ఆయన పక్కన కూర్చుంటే రోజూ కాసేపు నవ్వు, కాసేపు చీవాట్లు.

1998లో నందిగామ శాఖకు బదిలీ అయ్యాక, యాభైకి దగ్గరపడిన వయసులో, సాయంత్రాలు బస్సెక్కి విజయవాడ వెళ్లి జావాస్క్రిప్టు అనే కంప్యూటర్ భాష నేర్చుకున్న పట్టుదల ఆయనది. రెండు శాఖలకూ పనికొచ్చేలా, రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే నమోదు పేజీని స్వయంగా రూపొందించారు. ఏదైనా గడిలో పరిధి దాటిన విలువ పడితే పేజీ మొత్తం స్తంభించిపోయే దురవస్థను సహించలేక, ఆ పొరపాటును అక్కడికక్కడే పట్టుకుని, ఏ గడిలో ఏం తప్పిందో తెర మీద చెప్పేలా తీర్చిదిద్దారు. అందుకోసం పేషెంటు బరువు తొమ్మిదివేల కిలోలని, వయసు మైనస్ నాలుగని తానే కొట్టి చూసుకునేవారు. ఈ రోగిని బల్ల ఎక్కించేదెవరని మేము ఆటపట్టిస్తే, ఎవరేం కొట్టినా పేజీ పడిపోకూడదని కసురుకునేవారు.

ఆయన తిరిగి జగ్గయ్యపేట వచ్చాక, 2004లో, పెనుగంచిప్రోలు నుంచి అమ్మణ్ణి గారనే వృద్ధురాలు శుక్లం ఆపరేషనుకు వచ్చారు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్న ఒక్కటీ మసకబారింది. వయసు నూటరెండు. ఉమాకాంతం గారు ఆ గడికి పెట్టిన పై హద్దు తొంభైతొమ్మిది. నమోదు చేస్తున్న కృపావతి తెర మీద కనిపించింది కనిపించినట్టే చదివి వినిపించింది.

"వయసు తప్పంటోందండీ మామ్మగారూ."

పేజీ ఒప్పుకుంటేనే చీటీ, చీటీ రానిదే ఆపరేషను లేదు. తొంభైతొమ్మిదని కొట్టి పడేయమని క్యాషియరు బుల్లిబాబు సలహా ఇస్తుండగానే ఆవిడ చేతికర్ర అందుకున్నారు.

"ఇన్నేళ్లు బతకటం తప్పేనేమోలే నాయనా" అంటూ ఆటో వైపు కదిలారు.

లోపలి గదిలో ఆ మాట విన్న ఉమాకాంతం గారు చెప్పులైనా తొడుక్కోకుండా పరుగున వచ్చి ఆవిడ చేయి పట్టుకున్నారు.

"తప్పు మీది కాదమ్మా, నాది. వంద దాటినవాళ్లు మా దాకా ఎవరొస్తార్లే అనుకున్నా."

చీటీ చేత్తో రాసి, తానే లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. భోజనం మానుకుని ఆ పై హద్దు తొలగించారు. నాటి నుంచి వంద దాటిన వయసు పడితే మన పేజీ తప్పనదు, మరొక్కసారి అడిగి నిర్ధారించుకోమంటుంది. కట్టు విప్పిన రోజున అమ్మణ్ణి గారు ఆయన ముఖాన్ని దగ్గరికి తీసుకుని, నా వయసు ఒప్పుకున్నది నువ్వేనా అని అడిగితే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మేమూ పెట్టుకున్నాం.

శ్రీమతి మైథిలి గారి సాహచర్యంలో, వేదాద్రి స్వామివారి కృపతో, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లండని రాయబోయి ఆగాను. ఉమాకాంతం గారూ, వంద దగ్గర హద్దు పెట్టే దీవెన మీకు సరిపోదు. మీరు ఇదే బల్ల ముందుకు నడిచొచ్చి, మీ వయసు నూటమూడని చెప్పి, అప్పటికి ఇక్కడ ఎవరు కూర్చుంటే వారిచేత మరొక్కసారి అడిగించుకోవాలని మా అందరి కోరిక.

— దేవమణి, లెక్కల విభాగం