ఆరో పేజీ మూడో మెట్టు

ప్రమోషన్ ఫారం పంపడానికి ఐదు గంటల వరకే గడువు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. బీజగణితం ప్రొఫెసరైన తండ్రి కిటికీకీ తలుపుకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"మీ వ్యాసాల్లో దేన్ని పైన పెట్టను నాన్నా? రెండొందల పదకొండు మంది ఉదహరించినది ఉంది కదా, అదేనా?"

"అది వద్దు."

"అది లేకపోతే మిగతావన్నీ కలిపినా ఉదహరించినవాళ్లు ముప్పై మంది దాటరు. ప్రమోషన్ ఎలా వస్తుంది?"

"దాంట్లో ఆరో పేజీ నిరూపణలో మూడో మెట్టు తప్పమ్మా. అది కూలితే తర్వాతదంతా కూలుతుంది."

"పద్దెనిమిదేళ్లలో ఒక్కరూ పట్టుకోలేదా?"

"పట్టుకోవాలంటే చదవాలి కదా. ఒకరిని చూసి ఒకరు నా పేరు రాసుకుపోయారు."

"మరి మీకెలా తెలిసింది?"

"బడిలో లెక్కలు చెప్పే ఆవిడెవరో మెయిల్ పెట్టింది. ఆ మెట్టు దగ్గర ఎనిమిది నెలలుగా కుస్తీ పడుతోందట. తప్పు నాదే అయ్యుంటుంది, కాస్త చెప్పండి అని రాసింది."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్పను? పది రోజులుగా కంటి మీద కునుకు లేదు."

కూతురు గడియారం చూసింది. నాలుగూ నలభై.

"ఇంకెవరికీ తెలీదుగా. ముందు ఫారం పంపేద్దాం. ఆవిడకి రేపు జవాబిద్దురుగాని."

ఆయన నడక ఆగిపోయింది.

"ఆవిడకీ తెలీదమ్మా. తన బుర్రే పనిచెయ్యట్లేదనుకుంటోంది. ఆ ఫారం పక్కన పెట్టి, ఆవిడ మెయిల్ తెరువు."

"ఏం రాయమంటారు?"

"తప్పు మీది కాదు, నాదని రాయి."