ఖండం నాలుగంగుళాలు ఒరిగిన కథ

"మొదలుపెట్టినప్పుడు నా జేబులో ఉన్నవి మూడు వందల నలభై. దాంతోనే ఖండాన్ని కదిపాను," అన్నాడు బైండరు.

సందు మలుపులో టీకొట్టు, ఎదురుగా అతని బైండింగ్ కొట్టు. సొంతంగా పెట్టి పద్నాలుగు నెలలైంది. వయసు ఇరవై మూడు. అతని నోట్లోంచి ముందు అంకె వస్తుంది, నిజం వెనకాల తీరిగ్గా నడిచొస్తుంది, ఒక్కోసారి దారి తప్పుతుంది. వినేవాళ్ళు ముగ్గురు: టీకొట్టు అక్క, ప్రూఫులు దిద్ది రిటైరైన మాస్టారు, బైండరుకి పెద్దమ్మ అల్లుడైన కొరియరు బావ.

"ఖండంలోని రచయితలందరికీ కలిపి ఒక్కటే బహుమతి. నా కథ నలభై రెండు పేజీలు. మూడు ప్రతులు పంపాలి, జిరాక్సుకి నూట ఇరవై ఆరు. పార్శిలుకి రెండు వందలు. మిగిలింది పద్నాలుగు."

"లెక్క సరిపోయింది," అన్నారు మాస్టారు. "ఇక్కడి దాకా నమ్మొచ్చు."

"నమ్మకపోతే నష్టం మీకే. వచ్చిన కథలు పదకొండు వేల నాలుగు వందలు. ప్రతుల మీద ఎక్కడా పేరు కనపడకూడదు. పేరు విడిగా చిన్న కవర్లో పెట్టి అంటించాలి. కనపడిందో, చదవకుండానే పక్కన పడేస్తారు. ఆ విషయంలో నేను పక్కా."

కొరియరు బావ ఒళ్ళోని సంచీ కాస్త దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పు బామ్మర్దీ."

"మొదటి జడ్జి నా కథ రైల్లో మొదలుపెట్టాడు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఆ తర్వాత దేశమే దాటిపోయింది! సరిహద్దులో సిపాయి పట్టుకుని కాగితాలు చూపించమంటే, పాపం మైకంలో నా కథే చేతిలో పెట్టాడు. సిపాయి చదవడం మొదలెట్టాడు. గేటు వెయ్యడం మర్చిపోయాడు. మూడు రోజులు! అటు జనం ఇటు, ఇటు జనం అటు. వియ్యంకులు కూడా అయిపోయారు కొందరు."

"మూడు రోజుల్లోనా?" అంది అక్క.

"సంబంధం కుదిరితే ముహూర్తం ఎంతసేపక్కా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాసినవాడు ఎక్కడుంటాడో అని అన్ని దేశాల వాళ్ళూ మన వైపు బయల్దేరారు. కోట్లమంది, ఒకే వైపు. పడవలో అందరూ ఒక పక్కకి చేరితే ఏమవుతుంది?"

"ఒరుగుతుంది," అన్నారు మాస్టారు.

"ఒరిగింది! ఖండం మొత్తం, నాలుగంగుళాలు. ఇదిగో చూడండి, గ్లాసులో టీ ఒక పక్కకి లేదూ?"

"అది బల్ల కాలు తమ్ముడూ. నువ్వే విరగ్గొట్టావు."

"నేను కాదక్కా, కథ. చివరికి ఐదుగురు జడ్జీలూ ఫోన్ చేశారు. బహుమతి నీకే బాబూ, దయచేసి తీసుకో, లేకపోతే భూమి నిలబడదు అని. నేను వద్దన్నాను. మిగతా రచయితలు కూడా బతకాలి కదా."

మాస్టారు కళ్ళజోడు తీశారు. "పేరు కనపడకూడదన్నావు. మరి నీకు ఫోనెలా చేశారయ్యా?"

బైండరు తడుముకున్నది ఒక్క క్షణమే. "వాక్యం చూసి పట్టేశారు."

"వాక్యం చూసి కాదు," అన్నాడు కొరియరు బావ. సంచీలోంచి బరువైన పాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "పొద్దున్నే వచ్చింది. కథ అయ్యాక ఇద్దామని ఆగాను. ఖండం ఒరుగుతుంటే మధ్యలో అడ్డు రావడం ఎందుకని."

తన పాకెట్టే. తన దస్తూరీయే. బైండరు ఇరవై ఆరు రోజులుగా జవాబు కోసం చూస్తున్నాడు. ఆ కథ రెండేళ్ళపాటు రోజూ పొద్దున్నే, పనిలోకి దిగకముందు కూర్చుని రాసుకున్నది. పాకెట్టు విప్పి మాస్టారి ముందుకి జరిపాడు.

లోపలి ఉత్తరం మాస్టారు చదివారు. "మూడు ప్రతుల వెనక అట్టల మీదా మీ పేరు, చిరునామా, ఫోను నంబరు, 'అందంగా, గట్టిగా బైండింగ్ చేయబడును' అని ఉన్న స్టిక్కరు ఉంది. అందువల్ల చదవలేదు. పదిహేనో తేదీ సాయంత్రం ఐదింటిలోగా సరిచేసిన ప్రతులు మాకు అందితే స్వీకరిస్తాం." తలెత్తి, "అంటే రేపే," అన్నారు.

అక్క నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. ఏ పుస్తకం కుట్టినా ఆఖర్న స్టిక్కరు అంటించడం అతని చేతికి అలవాటు. ఆ చెయ్యి, ఇది తన పుస్తకమని చూసుకోలేదు.

"వద్దన్న బహుమతికి మళ్ళీ పంపుతావా ఏంటి?" అన్నారు మాస్టారు.

"బతిమాలుతున్నారుగా మాస్టారూ," అన్నాడు బైండరు. గొంతు మాత్రం కాస్త తగ్గింది. "బావా, నీ బండి ఎన్నింటికి?"

"నాలుగింటికి. రేపు మధ్యాహ్నానికి అక్కడుంటుంది. ఒక్క నిమిషం కూడా ఆపను."

గోడ గడియారంలో మూడూ పది. స్టిక్కర్లు మూడు, ఒక్కోదానికి పది నిమిషాలు. అట్ట ఆరడానికి పది, ప్యాకింగుకి ఐదు. ఈ అంకెల్లో ఒక్కటీ కోత కాదు. గోరుతో గీకితే అట్ట చిరుగుతుంది, తన జిగురు సంగతి తనకి తెలుసు. అది వదలాలంటే ఆవిరి పట్టాలి.

మొదటి ప్రతి చేతిలోకి తీసుకుని లేచాడు.

"అక్కా, ఆ కెటిల్ దించకు. మూత తియ్యి."