రాజారత్నం అడగని సంతకం

ఆ కాయితం ఇట్లియ్యి గిరీ. ఇయ్యి నాయనా. సోమారం కలెక్టరాఫీసులో ఇచ్చేస్తావా? మీ యన్న గడ్డలోంచి తీసిన ముక్కను ఆస్పత్రి గుమాస్తా రాజారత్నం పోగొట్టినాడని నాలుగు పేజీలు రాసినావే! ఆయన ఉజ్జోగం పీకిందాకా నిద్రపోనంటివే! ఆ మనిషి పిల్లోళ్లు ఏమైపోవాల?

నీ తప్పేముండాదిలే. ఈ వొదిన సెప్పిందే నువ్వు రాసినావు.

మెడకాడ గడ్డ. ముక్క కోసి సూసినా, అది ఒంట్లో యాడ పుట్టిందో డాక్టర్లకే తెలీలా. యాడ పుట్టిందో తెలిస్తే కదా మందు! ఆ ముక్కనే జీన్ల పరీక్షకు పంపితే తేలతాదని నీకు ఫోన్లో సెప్పినారు. నాకెవురు సెప్పినారు?

ఆ పొద్దు మీ యన్న ఆటోలో వాంతులు సేసుకుంటా ఉండాడు. నేను ఆస్పత్రి కిటికీ కాడ ఏడస్తా నిలబడుండా. రాజారత్నం ఒక సిన్న డబ్బీ నా సేతిలో పెట్టి, "గడ్డలో ముక్కమ్మా, మైనంలో పెట్టుండారు, భద్రం" అన్నాడు. పుస్తకంలో సంతకం పెట్టాలంట. నా మొగం సూసి, "రేపు పెడుదువులే, పో తల్లీ" అన్నాడు. జాలి పడినాడబ్బా! అదే ఆయన సేసిన తప్పు.

అవును, ఇచ్చినాడు. అట్లా సూడొద్దు గిరీ, కూర్చో.

ఇంటికొచ్చినాక దాన్ని యాడ పెట్టేది? బియ్యం కాడనా? దేవుడి కాడనా? వాళ్లు కోసి బయటికి తీసిన రోగాన్ని మళ్లా నేనే ఇంట్లోకి ఎత్తుకోనొచ్చినానే అని ఒళ్లు జలదరించింది. సందేళ ఆ డబ్బీతోనే మీ యన్న తలసుట్టూ మూడుసార్లు దిష్టి తిప్పినా. ఏరు నిండుగా పారతా ఉండె. పోయి దాంట్లో ఇసిరేసి, వెనక్కి సూడకుండా వచ్చి కాళ్లు కడుక్కున్యా. ఆ రాత్రి ఎంత నిమ్మళంగా నిద్రపోయినానో!

తెల్లారి నువ్వొచ్చి, "డబ్బీ యాడ వొదినా, దాంతోనే అన్నకు మందు తేలేది" అంటివి.

మళ్లా సూదేసి ముక్క తీసేదానికి ఆయన ఒళ్లు తట్టుకోలా. నెల పోయింది. ఎట్లో తీసినారు, పంపినారు. రిపోర్టు ఎప్పుడొచ్చింది? ఆయన కర్మంతరం అయిన మర్నాడు. ఊపిరితిత్తిలో పుట్టిందంట. ఆ రకానికి మాత్రలుండాయంట గిరీ, నోట్లో ఏసుకునే మాత్రలు! నా మొగుణ్ణి నేనే సంపుకున్యా.

ఇంకొకటుండాది. నువ్వు డబ్బీ అడిగినప్పుడు ముందు మాట్లాడింది నేను కాదు, గుర్తుండాదా? మంచంలోంచి ఆయనే, "ఆస్పత్రోళ్లు ఇయ్యలేదురా" అన్నాడు. ముందురోజు తలొంచి దిష్టి తీయించుకున్న మనిషి! నువ్వు సెప్పిందంతా ఇని, నా మొగం సూసి ఆ మాటన్నాడు. పోయేదాకా మార్చలా. నన్ను ఒక్క మాటనలా.

ఆయన నాకోసరం దాసిపెట్టింది ఇప్పుడు నేనే బయటేస్తా ఉండా. తప్పదు. రాజారత్నం పేరు కొట్టెయ్. ఆడ నా పేరు, వరలక్ష్మమ్మ అని రాయి.

పెన్ను ఇట్లియ్యి. ఆ పొద్దు పెట్టని సంతకం ఇప్పుడు పెడతా.