ఇటలీ సైకిల్ బ్రేకుల విషయం

నా పేరు ఖయ్యూం. తండ్రి నజీర్ అహ్మద్. వయసు ముప్పై ఎనిమిది. విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర సైకిల్ షాపు నడుపుతున్నాను. ఎవరి బలవంతమూ లేకుండా మెజిస్ట్రేటు గారి ముందు చెబుతున్నాను.

చనిపోయిన తాతబాబుది జాలరిపేట. మాకు చుట్టరికం లేదు. అయినా నన్ను బావా అనేవాడు. వాళ్ళమ్మ చిట్టమ్మను నేను అత్తా అంటాను. ఆమె చేపలు అమ్ముతుంది. తాతబాబు మామూలు సైకిల్ మీదే జిల్లా పందెం రెండుసార్లు గెలిచాడు. ఒకరోజు ఇంగ్లీషు పత్రికలో ఫోటో తెచ్చి చూపించాడు. "బావా, ఈ ఫారినోళ్ళు తొక్కే బండే నాకూ కావాల. ఇంకోటి ఒద్దు" అన్నాడు. పిచ్చి ముదిరిందని నవ్వాను. వాడు నవ్వలేదు.

1984 జనవరిలో హార్బరులో ఆగిన ఓడ ఇంజినీరు ఒకాయన అలాంటి ఇటలీ సైకిల్ అమ్ముతున్నాడని తెలిసి నేనే బేరం కుదిర్చాను. చిట్టమ్మత్త చెవి కమ్మలు తీసి ఇచ్చింది. కొడుకు వద్దంటే వాణ్ణే తిట్టింది. ఆ బండిని నా షాపులో పూర్తిగా విప్పి బిగించాను. ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు, అంత తేలిక. అలాంటి బండి మీద చెయ్యి వేసినందుకు నాకు గర్వంగా ఉండేది. ఫిబ్రవరి 11న బ్రేకులు సరిచేసి, కోట వీధి దిగుడులో నేనే తొక్కి చూశాను. పట్టగానే ఆగింది. సాయంత్రం వాడు ఇంటికి తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న ఆరు గంటలకు సింహాచలం కొండ మీదికి తొక్కాడు. రోడ్డు ఖాళీ. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనిలేదు. బండి ఎలా దిగుతుందో చూద్దామని నేను మలుపు దగ్గర నిలబడి ఉన్నాను. దిగుతూ నన్ను చూసి అరిచాడు. "బావా, బ్రేకు పట్టడం నేదు!" అదే మాట మళ్ళీ అరిచాడు. నా ముందు నుంచే వెళ్ళి పిట్టగోడకు కొట్టుకున్నాడు. నేను చేరేసరికి ప్రాణం లేదు. వాడి కాలికి ఒక చెప్పే ఉంది. రెండోదాని కోసం ఎందుకో చాలాసేపు వెతికాను.

తర్వాత బండి ఎత్తాను. రిమ్ము చేతికి జిడ్డుగా తగిలింది. సొరచేప నూనె వాసన వచ్చింది. బ్రేకు రబ్బరు రిమ్మును పట్టుకుంటేనే చక్రం ఆగుతుంది. నూనె మీద రబ్బరు జారిపోతుంది. నేను ఆ నూనె పూయలేదు. నా షాపులో అది లేదు.

ఆ సాయంత్రం చిట్టమ్మత్త నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "కొత్త పడవకి సేసినట్టే అన్నీ సేసినాను బాబూ. ఉప్పుగాలికి తుప్పు పట్టేత్తాదని సక్రాలకీ, సువ్వలకీ సొరనూనె పట్టించినాను. నా సేత్తోనే రాసినాను. ఇంకేటి సెయ్యాలి నాను?" అంది. నూనె రాయకుండా కొత్త పడవను వాళ్ళు నీళ్ళలో దించరు. ఆ నూనెకే బ్రేకు జారిందని నేను ఆమెకు చెప్పలేదు.

పోలీసులు అడిగితే బ్రేకులు సరిగా బిగించలేదని చెప్పి సంతకం పెట్టాను. అది అబద్ధం. నా భార్య రసూల్ బీ, నా చేతిపని మీద నేనే ఉమ్మేసుకున్నానంది. నిజమే. షాపుకి ఎవరూ రావడం లేదు. జైలంటే నాకు భయం. అందుకే ఈరోజు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

చిట్టమ్మత్తను నా తరఫు సాక్షిగా పిలిపించారు. వరండాలో కూర్చుని ఉంది. నేను లోపలికి వస్తుంటే, "బయపడకు బాబూ. నీ తప్పేటి నేదని సెప్తాను. ఆ బండిని నానెంత బాగా సూసుకున్నానో అంతా సెప్తాను" అంది. ఆమెను నూనె సంగతి అడగవద్దని వేడుకుంటున్నాను. అడగక తప్పదంటే నా పాత సంతకమే ఉంచండి. శిక్ష నాకే వేయండి.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. వరండాలోకి వినపడకుండా మెల్లగా చదవమన్నాను, అలాగే చదివారు. నేను చెప్పినదే ఇందులో ఉంది, అది నిజం.

(సంతకం) ఖయ్యూం