ఎముక పీకతో పిలిచిన పుంజు గురించి ఓర్ఫా వేబ్రైట్ చెప్పినది

నా పేరు ఓర్ఫా వేబ్రైట్. నా భర్త వెర్నన్ వేబ్రైట్ ఆరేళ్ల క్రితం చనిపోయారు. నా వయస్సు అరవై మూడు. కౌంటీ బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు వంటమనిషిగా పనిచేసి ఇప్పుడు ఇంటివద్ద ఉంటున్నాను. మా ఇల్లు వర్జీనియా పడమటి కొండల్లో, క్రాబాపిల్ వాగు ఒడ్డున. ఈరోజు 1994 ఏప్రిల్ 23, శనివారం. మధ్యాహ్నం రెండుంపావుకు షెరీఫ్ కార్యాలయంలో డిప్యూటీ రెక్స్‌రోడ్ గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. డిప్యూటీ గారి చిన్నప్పుడు బడిలో ఆయన చేత బఠాణీలు తినిపించినదాన్ని నేను, కనుక నన్ను బెదిరించే ధైర్యం ఆయనకు లేదు. ఈ వాక్యం కూడా రాయమన్నాను. రాశారు.

నా మరిది హర్షెల్ వేబ్రైట్, వయస్సు యాభై ఎనిమిది, ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఇక్కడి లాకప్పులో ఉన్నాడు. అతను నన్ను తుపాకీతో కాల్చిన మాట నిజం. తెలిసి కాల్చాడా, తెలియక కాల్చాడా అన్నదే తేలాలి. తెలిసి అయితే జైలు, తెలియక అయితే సాయంత్రం పాలు పిండే వేళకు ఇంటికి. అతన్ని అడిగితే, “మా వదిన ఏం చెబితే అదే రాసుకోండి” అని గోడవైపు తిరిగి పడుకున్నాడట. అందుకని కట్టు కట్టిన చేతితో, ఆసుపత్రిలో ఇచ్చిన మందు మత్తు దిగకుండానే వచ్చాను.

నాకూ హర్షెల్‌కూ ఆరేళ్లుగా మాటల్లేవు. అది ఊరంతటికీ తెలుసు. కారణం ఒక ఎముక పీక. మా మామగారు అడవి టర్కీ కోడిపెట్ట రెక్కలోని మూడు ఎముకలను ఒకదానిలో ఒకటి దూర్చి, తేనెమైనంతో బిగించి చేసినది. దాన్ని ఊదకూడదు, పెదవుల మధ్య పెట్టి గాలి లోపలికి పీల్చాలి. పీల్చడం తెలిసినవారి చేతిలో అచ్చం పెట్టలా పలుకుతుంది. వసంతంలో జత కోసం తిరిగే పుంజు ఆ పిలుపు విని నడిచి వస్తుంది. మా మామగారు దాన్ని వెర్నన్‌కు ఇచ్చారు. వెర్నన్ పోయేముందు నా చేతిలో పెట్టారు. సమాధి మీద మట్టి ఆరకముందే హర్షెల్ వచ్చి అడిగాడు.

“అది మా నాన్నది వదినా. మా రక్తంలోనే ఉండాలి.”

“మీ రక్తానికి నలభై ఏళ్లు వండిపెట్టాను. అది చాలదా?” అన్నాను.

“బయటినుంచి వచ్చినదానివి, నీకేం వాయించడం వస్తుంది? కోడిగుడ్డు మింగిన పాములా మూలుగుతావు.”

“ఇక నాతో మాట్లాడకు” అన్నాను. “నువ్వే ముందు పలకరిస్తావు చూడు” అన్నాడు. అంతే. ఎవరు ముందు నోరు విప్పితే వారు ఓడినట్టు. ఒకే చర్చిలో ముందు వరుసా వెనుక వరుసా కూర్చున్నాం. అతని దూడ నా కంచె దూకి వచ్చినప్పుడల్లా దానికే చెప్పేదాన్ని, “మీ యజమానికి చెప్పు, కంచె బాగుచేయించమని.” అతను తన కుక్కతో అనేవాడు, “పక్కింటావిడకు గొంతు బొంగురుపోయింది, కొంచెం తేనె తాగమను.” ఆరు ఈస్టర్లు ఇలా గడిచాయి. తలచుకుంటే సిగ్గుగా ఉంది.

గురువారం దాణా కొట్టులో హర్షెల్ అన్న మాట కూడా డిప్యూటీ గారి దగ్గర రాసి ఉంది. “స్ప్రూస్ గట్టు మీది పుంజు ఈ ఏడాది నాది. అడ్డొస్తే వదిన అని కూడా చూడను” అన్నాడట. అని ఉంటాడు. ఏప్రిల్ నెలలో మా కొండల్లో ప్రతి మగవాడూ పుంజుల గురించి ఇలాగే మాట్లాడతాడు. మా పాస్టరు గారైతే ఇంకా ఘోరంగా మాట్లాడతారు. మాటలకే లోపల వేస్తే ఈ నెలలో చర్చిలో పాడేవాళ్లు మిగలరు.

ఇక ఈ ఉదయం జరిగినది. నాలుగూ నలభైకి లేచాను. గోధుమ రొట్టె, చల్లని కాఫీ తీసుకున్నాను. ఐదుంపావుకల్లా స్ప్రూస్ గట్టు మీద, మా పొలానికీ హర్షెల్ పొలానికీ హద్దుగా ఉన్న పెద్ద ఓక్ చెట్టు మొదట్లో కూర్చున్నాను. వీపు చెట్టుకు ఆనించాను. ఒంటిమీద వెర్నన్ పాత ఆకుపచ్చ కోటు, మొహానికి వల. ఎరుపు, తెలుపు, నీలం ఏదీ లేదు. పుంజు తల మీద ఉండే రంగులు అవే కనుక, వేటకు వెళ్లేవారెవరూ వాటిని వేసుకోరు. ముందు పొదలు ఉండడంతో అవతలివాళ్లకు నేను కనబడే వీలు లేదు. నేను మాత్రం సందుల్లోంచి చూడగలను.

ఐదూ యాభైకి గుడ్లగూబలా రెండుసార్లు కూశాను. కొమ్మ మీద నిద్రపోయే పుంజు ఆ కూతకు ఉలిక్కిపడి జవాబిస్తుంది. జవాబిచ్చింది. దిగువన సుమారు రెండు వందల గజాల దూరంలో. మూడు వసంతాలుగా నన్నూ హర్షెల్‌నూ ఆటపట్టిస్తున్న పుంజు అదే. దాని కూత చివర ఒక దగ్గు ఉంటుంది. ఆరున్నరకు నేలమీదికి దిగింది. నేను పీక తీసి మెల్లగా పిలిచాను. అది కూసింది. పిలిచాను. కూసింది. తరువాత ఇరవై నిమిషాలు నోరు మూసుకున్నాను. ఎక్కువ పిలిస్తే చులకనవుతాం, పుంజు దగ్గరైనా అంతే.

ఏడు గంటలకు పుంజు వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ వచ్చింది. రొమ్ము మీద వేలాడే వెంట్రుకల కుచ్చు, మేం గడ్డం అంటాం, జానెడుకు పైన ఉంటుంది. నాకు పాతిక గజాల దూరంలో ఆగింది. మధ్యలో ఒక పడిపోయిన మాను ఉంది. అది దాటితే కాలుద్దామని తుపాకీ మోకాలి మీద పెట్టుకున్నాను.

అప్పుడే పుంజుకు అవతల, ఇంకో ముప్పై అయిదు గజాల వెనుక హర్షెల్ కనిపించాడు. చెట్టు వెంట చెట్టు పాకుతూ వస్తున్నాడు. నేను అతన్ని చూశాను. ఇది స్పష్టంగా రాయండి. నేను అతన్ని చూశాను. అప్పుడు ఏడూ పది.

అడవిలో మనిషి కనబడితే మనిషి గొంతుతోనే పలకాలి, గట్టిగా పలకాలి. చేయి ఊపకూడదు, పిట్టకూత కూయకూడదు. వెర్నన్ నాకు నేర్పిన మొదటి పాఠం అది. చర్చిలో పిల్లలకు నేనే నేర్పాను. “ఒరేయ్ హర్షెల్, ఇక్కడున్నాను” అంటే సరిపోయేది. మూడు మాటలు. పుంజు పారిపోయేది, పోతే పోయేది. కానీ నేను ముందు మాట్లాడినట్టయ్యేది. అందుకని మాట్లాడలేదు. పీక నోట్లో పెట్టుకుని మామగారి బాణీలో పిలిచాను. మూడు పొట్టివి, ఒక ఆగింపు, ఒక పొడుగుది. ఆ బాణీ ఈ కౌంటీలో నాకూ అతనికీ తప్ప ఎవరికీ రాదు. వింటే నేనని తెలుసుకుని, సిగ్గుపడి వెనక్కు పోతాడనుకున్నాను. ఇది నా తప్పు. నా ఒక్కదాని తప్పు.

పుంజు మెడ సాచింది. ఏడూ పద్నాలుగుకు హర్షెల్ తుపాకీ పేలి చిన్న చిన్న గుండ్లు చిమ్మింది. పుంజు పడింది. నా కుడిచేతి మీద పొయ్యిలోంచి నిప్పులు తీసి పోసినట్టయింది. హర్షెల్ “వదినా!” అని కేక వేశాడు. ముందు నోరు విప్పినది అతనే. తుపాకీ అవతల పారేసి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా చింపి చేతికి చుట్టాడు.

“ఎక్కడ తగిలింది? ఇంకా ఎక్కడ? కడుపులో ఏమైనా? చూడనివ్వు!”

“చేతిలోరా. చెవి కొసకు ఒకటి. కడుపులో రొట్టె తప్ప ఏమీ లేదు.”

“నేను చంపేశాననుకున్నాను వదినా. చంపేశాననుకున్నాను.”

నన్ను వీపున వేసుకుని గట్టు దిగాడు. మైలు దూరం. మూడేళ్లు వెంటపడ్డ పుంజు అక్కడే పడి ఉంది, దానివైపు తిరిగి చూడలేదు. దారంతా ఏడుస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు.

“నీకు నా పిలుపు వినబడలేదా? మీ నాన్న బాణీ వాయించాను కదరా?” అని అడిగాను.

“విన్నాను. నిజంగా పెట్టే అనుకున్నాను. నాన్న వాయిస్తే నాన్నని తెలిసేది. నువ్వు వాయిస్తే తెలియలేదు. నాన్న కూడా అంత బాగా వాయించేవాడు కాదు వదినా.”

ఆ మాటకు చేతి నొప్పి సగం తగ్గింది. మిగతా సగం ఆసుపత్రిలో తగ్గింది. ఎనిమిదిన్నరకు చేరాం. డాక్టరు గారు నాలుగు గుండ్లు తీశారు. ఒకటి ఎముక పక్కన ఉంది, దాని మానాన దాన్ని ఉండనివ్వమన్నారు.

పై మాటలను డిప్యూటీ గారు నాకు చదివి వినిపించారు. వినిపించి ఒక ప్రశ్న వేశారు. “అమ్మా, మీరు పొదల చాటున ఉన్నారు. మొహానికి వల. మీరు నోరు విప్పకముందే అతను ‘వదినా’ అని అరిచాడంటే, అక్కడున్నది మీరని అతనికి ముందే తెలుసన్నమాటేగా?”

నేను మంచినీళ్లు అడిగాను. ఇచ్చారు. తాగాను. గడియారంలో మూడూ ఐదయింది. ఇందాక చెప్పినదానిలో ఒక ముక్క అబద్ధం ఉంది. అది కొట్టేసి ఇది రాయవలసిందిగా కోరుతున్నాను.

కాల్పు తరువాత హర్షెల్ నావైపు చూడనే లేదు. పుంజు దగ్గరికి పరుగెత్తి, మెడ మీద కాలు వేసి, వంగి గడ్డం జానతో కొలుచుకుంటున్నాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. మనిషిని కాల్చినవాడి నవ్వు కాదది. పుట్టినరోజున గుర్రప్పిల్ల దొరికిన పిల్లవాడి నవ్వు. అతని పెళ్లిలో కూడా నేను ఆ నవ్వు చూడలేదు. నేను అరిచాను. “హర్షెల్! ఒరేయ్, నన్ను కాల్చావురా!” అని అరిచాను. అప్పుడు తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “వదినా?” అన్నాడు. అదీ వరుస. ముందు నేను, తరువాత అతను. నా గొంతు వినేదాకా ఆ చెట్టు కింద మనిషి ఉన్నదని అతనికి తెలియదు.

పరువు పోతుందని మార్చి చెప్పాను. ఆ పరువు కోసం ఒకసారి చేయి పోగొట్టుకోబోయాను, ఇప్పుడు మరిదిని పోగొట్టుకోబోయాను. చాలు. ముందు మాట్లాడినది నేనే. ఓడిపోయాను. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఆరేళ్ల క్రితమే ఓడిపోయేదాన్ని.

దిద్దిన తరువాత మళ్లీ మొదటినుంచి చదివించుకున్నాను. కొట్టేసిన ముక్క పోగా ఇందులో ఇప్పుడు ఉన్నదంతా జరిగినదే, జరగనిది ఒక్క ముక్క కూడా లేదు. మరిది మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అతన్ని విడిచిపెట్టేముందు ఈ కాగితం అతనికి గట్టిగా చదివి వినిపించాలి, ముఖ్యంగా చివరి పేజీ. నాకు చదువూ సంతకమూ వచ్చు. కుడిచేతికి కట్టు ఉన్నందున ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఓర్ఫా వేబ్రైట్, ఎడమ బొటనవేలి ముద్ర)

నా ఎదుట వేసిన ముద్ర. కోరిన ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకు లాకప్పు వద్ద చదివి వినిపించాను. చివరి పేజీ రెండోసారి చదవమని హర్షెల్ వేబ్రైట్ అడిగాడు. చదివాను. మూడూ నలభై అయిదుకు అతన్ని విడుదల చేసి, బయట కారులో కూర్చుని ఉన్న వదిన వద్దకు పంపడమైనది.

(సం.) ఎల్. రెక్స్‌రోడ్, డిప్యూటీ