లింగమ్మక్క గొంతు

ఏంది బ్లెస్సీ, ఫోన్ల ఎవల్ని సూసి అంత మురిసిపోతున్నవ్? జర దగ్గరికి పట్టు. అయ్యో, గీమె మా లింగమ్మక్కనే! హేమలేఖ అంటే సినిమావాళ్లు పెట్టిన పేరు బిడ్డా. గీ తార్నాకల మా పక్కిల్లే. నువ్వు మా మీది రూములకు అద్దెకొచ్చుడేంది, నువ్వు పుట్టకముందే సచ్చిపోయింది. పుట్టింది మౌలాలి గుట్ట కింద, నాయిన రైల్వేల ఫిట్టరు. మొఖం సూడు, ఎట్ల మెరుస్తున్నదో. ఆ, ఇప్పుడొస్తది ఇను, "నా కన్నీటికి వెల కట్టే మగవాడు ఇంకా పుట్టలేదు!" ఊరంత చప్పట్లు గొట్టింది గా మాటకే. గా గొంతు ఆమెది కాదు. నిజంగ. మద్రాసుల ఇంకొకామె చీకటి రూముల మైకు ముంగట నిలవడి చెప్పింది. ఈమెనేమో డైరెక్టరు, "అమ్మాయీ, నీ యాస వింటే జనం నవ్వుతారమ్మా, నువ్వు పెదాలు కదుపు చాలు" అన్నడంట. సినిమాలల్ల మన మాట పనిమనిషికి, తాగుబోతుకు. హీరోయిన్‌కు పనికిరాదు. వాని మొఖం మండ!

పేరొచ్చింది, ఎందుకు రాదు. వస్తే ఏం లాభం? కిరాణం కొట్టుకు పోతే బుచ్చిబాబు, మీ ఆంధ్ర దిక్కాయనే, మంచోడే, కావాలని అనేటోడు గాదు, "అమ్మా, జలుబు చేసిందాండీ, గొంతు అలా ఉంది?" అని అడిగేటోడు. ఈమె నవ్వి, "అవును, జలుబే" అనేది. ఏండ్లకేండ్లు జలుబే. పొద్దుమీకి మా గడప మీద గూసుని చాయ్ తాగుకుంట, "స్వరూపా, అన్ని సినిమాలు చేసిన గదా, ఒక్కదాన్ల గూడ నేను లేను. మెచ్చుకున్నది ఆమె గొంతును, దండలేసింది నాకు. ఒక్కటంటే ఒక్కసారి నా నోటితోని నేను మాట్లాడితే నలుగురు ఇనాలె" అనేది. గంతే ఆమె కోరిక. బంగ్లాలు అడగలే, కార్లు అడగలే.

ఏం చెప్తున్న... ఆ, యూనివర్సిటీ క్యాంపస్‌ల అయిన ముచ్చట చెప్త ఇను. హాస్టల్ పిల్లలు ఫంక్షన్ పెట్టి పిలువనొచ్చిన్రు. ఊర్లకెల్లి వచ్చిన పిల్లలు, మన మాట కోసం కొట్లాడే పిల్లలు. అక్క ఎంత సంబురపడ్డదో! "గీళ్లు మనోళ్లు స్వరూపా, గీళ్లకాడ మాట్లాడత" అని అద్దం ముంగట నిలవడి మాటలు కూర్చుకున్నది. నన్ను గూడ తోలుకపోయింది. మైకు పట్టి, "నా పేరు లింగమ్మ, మాది మౌలాలి, మా అవ్వ బీడీలు జేసేది" అన్నదో లేదో, నవ్వులు మొదలైనయ్. కామెడీ చేస్తున్నదనుకున్నరు బిడ్డా! పనిమనిషి వేషం కట్టి చూపిస్తున్నదనుకున్నరు. ఈలలు. "సూపర్ మేడమ్, సూపర్!" ఈమె వాళ్లవ్వ, కన్నతల్లి, దగ్గి దగ్గి సచ్చిపోయిన సంగతి చెప్తున్నది, వాళ్లు ఇంకింత నవ్వుతున్నరు. తర్వాత "డైలాగ్! డైలాగ్!" అని ఒకటే లొల్లి. ఎవడో క్యాసెట్ పెట్టిండు. మద్రాసామె గొంతు హాలంత మోగింది. నేను అక్కనే సూస్తున్న. పెదాలు కదిలినయ్. మాటకు మాట, పొల్లు పోకుండ. చెయ్యి గూడ లేచింది. అందరు లేచి నిలవడి చప్పట్లు. ఆటోల ఒచ్చేటప్పుడు, "నేను కదపలే స్వరూపా, అవే కదిలినయ్" అన్నది. నాకు ఏడుపాగలే.

ఆ తర్వాత మాట్లాడుడే తగ్గించింది. పలకరిస్తే తల ఊపేది. చాయ్‌కి పిలిస్తే వచ్చి, గ్లాసు ఖాళీ చేసి పోయేది. సచ్చినంక సంతాప సభ పెట్టిన్రు గదా, అండ్ల గూడ గదే డైలాగు, మైకుల, పొద్దంత. మస్తు కోపమొచ్చింది నాకు. ఎవల్ని తిట్టాలె? అందరు ప్రేమతోనే పెట్టిరి.

ఎట్లుండె ఆమె గొంతంటవా? జర బొంగురుగ... కాదు, బొంగురు గాదు. ఆగు. "స్వరూపా" అని పిలిచేది. గిట్ల, "స్వరూపా"... ఊహూ. గట్ల గాదు. అన్నేండ్లు పక్కపక్కనే ఉంటిమి. కండ్లు మూస్తే మొఖం కనవడుతున్నది బిడ్డా, పెదాలు కదులుతున్నయ్, నా పేరే పిలుస్తున్నది. గొంతు మాత్రం ఆ మద్రాసామెదే ఒస్తున్నది.

పొయ్యి మీద పప్పు మాడుతున్నట్టున్నది. పో, సూడుపో.